పలనాటి రాయియు పరిశ్రమలును

పలనాటిసీమ యనగానే మనవారికి రెండు సంగతులు స్ఫురించును. మొదటిది వీరుల యుద్ధము, రెండవది రాయి. ఆ యుద్ధకథను ద్విపదగా రచించెనని ప్రసిద్ధి గాంచిన శ్రీనాథ మహాకవి పేరనే ఈ సీమను ఎగతాళి చేయు చాటువులు కూడ ప్రచారములో నున్నవి. ఇచ్చటి జొన్నకూటిని, ఏటి నీటిని, అడుగడుగున కాలికి తగులు బండలను ఆ కవి పరిహసించెనని చెప్పుదురు. సన్నబియ్యమునకును రాజుల కొలువులకును అలవాటుపడిన వానికి ఈ మెట్టసీమ రుచింపకపోవుట వింత గాదు. వింత యేమనగా, ఆయన కాలికి తగిలిన ఆ బండకొఱకే తరువాతి కాలమున పెద్ద పెద్ద సంస్థలు దూరమునుండి వెదకికొని వచ్చి, దాచేపల్లి చుట్టును పొగగొట్టములు నిలిపినవి.

దాచేపల్లి నాగులేటి యొడ్డున నున్న యూరు. పొందుగల యొద్ద కృష్ణ దాటినచో ఆవలి గట్టు తెలంగాణము. ఈవల కారెంపూడి, దుర్గి, మాచెర్ల, వెల్దుర్తి. వానికి పైని నల్లమల కొండలు. హిమాలయములందువలె మంచు శిఖరములు మనకు లేవు. కాని కొండసీమ కుండవలసిన కష్టములన్నియు కలవు: పలుచని మన్ను, సులభముగా దొరకని నీరు, దూరపు బజారు, పనికై పట్టణములకు పోవు యువకులు. ఇట్టి సీమలకు పరిశ్రమల నెట్లు రప్పింపవలెను, రప్పించిన పిమ్మట వానివలన ఊరు బాగుపడుట యెట్లు అనునది ప్రపంచమంతటను పెద్దలను వేధించుచున్న ప్రశ్న. మనకు అది పుస్తకములలోని ప్రశ్న కాదు. మన వీధి చివర నున్న ప్రశ్న.

ఒకనాడు మేము కొందఱు విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక రాతిగనిని చూడబోయితిమి. మెట్లు మెట్లుగా త్రవ్విన ఆ గుంట అడుగున లారీలు చీమల బారువలె కనబడెను. పిల్లలు యంత్రముల పొడవును, చక్రముల యెత్తును చూచి ఆశ్చర్యపడుచుండగా, ఒక బాలుడు మాత్రము గట్టున నిలిచి చాలసేపు లోపలికి చూచి, "అయ్యవారూ, ఇంత రాయి పోవుచున్నది గదా, మన యూరికి ఏమి మిగులును?" అని యడిగెను. మేము అప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ బాలునికి మేము బాకీపడిన ప్రత్యుత్తరము.

మొదట, పరిశ్రమ ఒక చోటికి ఏల వచ్చునో తెలిసికొనవలెను. వర్తకుడు ఊరి మీది ప్రేమచేత రాడు. బరువును లెక్కించి వచ్చును. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు ఏమగునో మన రసాయనశాస్త్ర పాఠములో చదివియున్నాము. 100 పాళ్ళ శుద్ధమైన సున్నపురాయిలో 56 పాళ్ళు మాత్రమే సున్నముగా మిగులును. తక్కిన 44 పాళ్ళు బొగ్గుపులుసు వాయువై ఆకాశమున కెగిరిపోవును. అనగా, వేయి మణుగుల రాయిని గుంటూరునకో హైదరాబాదునకో మోసికొనిపోయి అచ్చట కాల్చినచో, అందులో 440 మణుగుల గాలికి కూడ బాడుగ చెల్లించినట్లగును. బుద్ధిమంతుడైన వర్తకుడు అట్లు చేయడు. రాయి యున్నచోటనే కాల్చి, తేలికయైన సరకును మాత్రమే తరలించును. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు నెలవగుటకు మూలకారణ మిదియే.

సిమెంటు సంగతియు నిట్టిదే. సున్నపురాయిని, కొంత బంకమట్టిని కలిపి మెత్తగా పొడిచేసి, మెల్లగా తిరుగు పొడవైన ఇనుప గొట్టము వంటి బట్టీలో సుమారు 1450 డిగ్రీల వేడిమిలో కాల్చుదురు. అప్పుడు గోలీలవంటి గట్టి ముద్దలు తయారగును. వానిని క్లింకరు అందురు. క్లింకరులో కొలదిగా జిప్సమును చేర్చి విసరినచో సిమెంటు. ఒక టన్ను క్లింకరునకు సుమారు ఒకటిన్నర టన్నుల రాయి కావలెను. బొగ్గు మనకు లేదు. సింగరేణి మొదలైన చోట్లనుండి రావలెను. అయినను రాయి బరువు బొగ్గు బరువు కంటె ఎన్నియో రెట్లు గాన, బొగ్గే రాయిని వెదకికొని వచ్చును గాని, రాయి బొగ్గు కడకు పోదు.

అయితే రాయి మాత్రమున్న చాలునా? చాలదు. ఈ రాయి శ్రీనాథుని నాడును ఉన్నది, అంతకు వేయి యేండ్లకు పూర్వమును ఉన్నది. అప్పుడు రాని సంస్థలు తరువాత వచ్చుటకు హేతువు దారి. గుంటూరు నుండి మాచెర్లకు పోవు రైలుమార్గము మొదట చిన్నపట్టాలతో నుండెను. తరువాత బీబీనగరము నుండి వచ్చు పెద్ద మార్గము నడికుడి యొద్ద దీనిని కలిసెను. మాచెర్ల మార్గము కూడ పెద్దపట్టాలకు మార్పబడెను. ఇట్లు మన దాచేపల్లి ప్రక్కనున్న నడికుడి జంక్షను అయ్యెను. అచ్చటి నుండి శ్రీకాళహస్తికి సుమారు 309 కిలోమీటర్ల క్రొత్త మార్గము మంజూరై, భాగములు భాగములుగా నిర్మింపబడుచున్నది. అద్దంకి నుండి నార్కెట్‌పల్లికి పోవు రాజమార్గము మన యూరి మీదుగానే కృష్ణను దాటుచున్నది. రాయికి దారి తోడైన పిమ్మటనే రాయి ధనమైనది.

మూడవ కారణము బజారు. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు విడువబడెను. అంతటి మహానిర్మాణము ఈ సీమ అంచుననే జరుగుచుండగా, 1958లో కె.సి.పి. వారి సిమెంటు కర్మాగారము మాచెర్లలో నెలకొనెను. ఆనకట్టలు, కాలువలు, వంతెనలు, పట్టణములలోని మేడలు పెరిగినకొలది సిమెంటునకు గిరాకి పెరిగెను. దాచేపల్లి చుట్టుపట్ల శ్రీ దుర్గాపురము, పెదగార్లపాడు, తంగెడ మొదలైన చోట్ల కర్మాగారములు లేచినవి. రాయి, దారి, బజారు అను మూడును కూడినచోట పరిశ్రమ పిలువకయే వచ్చును. ఈ మూడింటిలో ఏదియు లేనిచోట ఎంత పిలిచినను రాదు, వచ్చినను నిలువదు.

ఈ మాట నిజమో కాదో ఇతర కొండసీమలను చూచి తెలిసికొందము. మన దేశముననే హిమాచల ప్రదేశమునకును ఉత్తరాఖండమునకును పరిశ్రమలను రప్పింపవలెనని కేంద్ర ప్రభుత్వమువారు 2003లో గొప్ప రాయితీలు ప్రకటించిరి. క్రొత్త కర్మాగారములకు పది సంవత్సరములు ఎక్సైజు సుంకము లేదు. మొదటి అయిదేండ్లు ఆదాయపు పన్ను లేదు. పరిశ్రమలు రానే వచ్చినవి. కాని ఎచ్చటికి వచ్చినవి? బద్ది, హరిద్వారము, రుద్రపురము మొదలగు కొండల పాదములకును మైదానములకును వచ్చినవి. లారీ సులభముగా ఎక్కగలిగినంత వరకే అవి ఎక్కినవి. శిఖరముల మీది పల్లెలలో తలుపులకు తాళములు పడుచునే యున్నవి. 2017లో ఉత్తరాఖండ ప్రభుత్వమువారు పల్లెల వలసను విచారించుటకు ప్రత్యేకముగా ఒక సంఘమును ఏర్పాటు చేయవలసి వచ్చెను. పన్ను తగ్గించుట యను ఎర పరిశ్రమను రాష్ట్రపు ఎల్ల లోపలికి లాగగలదు గాని, కొండ ఎక్కింపజాలదని దీనివలన తెలియుచున్నది.

దీనికి భిన్నమైన కథ ఐరోపాలోని స్విట్జర్లాండు దేశమునందు, జూరా కొండలలో జరిగినది. అచ్చట లలోక్లు, లాషోదఫోను అను ఊళ్ళు సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల యెత్తున నున్నవి. శీతకాలమున నేల మంచుచే కప్పబడగా సేద్యము సాగదు. అట్టి దినములలో అచ్చటి రైతులు ఇంట కూర్చుండి గడియారముల సన్నని చక్రములను, మరలను చేయుట నేర్చిరి. గడియారములో నుండు లోహము కొలదియే. దాని వెలయంతయు చేతి నేర్పునకే. గుప్పెడు సరకును ఏ కొండదారిని దింపినను బాడుగ బరువు కాదు. ఆ రెండు పట్టణములును గడియారపు పనికొఱకే రూపొందిన నగరములని 2009లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. అచ్చటికి ముడిపదార్థము రాలేదు, రాయితీ రాలేదు. నేర్పు మొలచినది, మొలచినచోట వేళ్ళూనినది.

మన తెలుగునాటనే అరకు కొండలను చూడుడు. విశాఖ మన్యమున గిరిజనులు వెండి ఓకు మొదలైన చెట్ల నీడను కాఫీ పెంచుచున్నారు. ఆ చెట్లకే మిరియపు తీగలు ప్రాకించుచున్నారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థయు, తరువాత 2007లో రైతులే సభ్యులుగా నెలకొల్పబడిన సహకార సంఘమును వారికి అండగా నిలిచినవి. పండును దళారికి అప్పగించి యూరకుండక, ఏ పండును ఎప్పుడు కోయవలెను, ఎట్లు ఆరవేయవలెను అనునవి వారు నేర్చిరి. ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. 2017లోనే పారిసు నగరమున అరకు పేరనే ఒక కాఫీశాల తెరువబడెను. సంచి మీద అరకు పేరు పోకుండ సముద్రము దాటినది. మన రాయి నడికుడి దాటగనే దాని పేరు మారిపోవుచున్నది గదా! సిమెంటు మూటమీద సంస్థ పేరుండును గాని సీమ పేరుండదు.

ఇక మన బాలుని ప్రశ్నకు వత్తము. ఊరికి మిగులునది యేమి? లెక్క వేసి చూతము. సంవత్సరమునకు పది లక్షల టన్నుల క్లింకరు చేయు కర్మాగారమునకు సుమారు పదునైదు లక్షల టన్నుల రాయి కావలెను. ఘనమీటరు రాయి రమారమి 2.6 టన్నులు తూగును గాన, పది మీటర్ల లోతున త్రవ్వినచో ఏటేట సుమారు పదునాలుగు ఎకరముల నేల గుంట యగును. ఇది ఒక్క కర్మాగారపు లెక్క. గుంటయైన నేల మరల జొన్న పండించదు. ఇది మనము ఇచ్చునది.

మనకు వచ్చునది ఏది? 2014లో సున్నపురాయికి టన్నుకు 80 రూపాయల చొప్పున రాయల్టీ నిర్ణయింపబడెను. ఆ లెక్కను పదునైదు లక్షల టన్నులకు 12 కోట్ల రూపాయలు. ఈ సొమ్ము ప్రభుత్వమునకు చేరును. 2015లో గనుల చట్టమును సవరించి, గనులున్న ప్రతి జిల్లాయందును జిల్లా ఖనిజ నిధి ఏర్పడవలెనని శాసించిరి. ఆ సంవత్సరము జనవరి 12వ తేదీకి పూర్వపు కౌలుదారులు రాయల్టీ గాక, అందులో నూటికి 30 వంతులును, తరువాత వేలములో గని పొందినవారు నూటికి 10 వంతులును ఈ నిధికి చెల్లింపవలెను. మన ఉదాహరణములోని కర్మాగారము పాత కౌలుదారైనచో 3 కోట్ల 60 లక్షలు, క్రొత్తవాడైనచో 1 కోటి 20 లక్షలు ఏటేట ఈ నిధికి రావలెను. గనులవలన బాధపడు ఊళ్ళ త్రాగునీరు, ఆరోగ్యము, విద్య, వృత్తిశిక్షణ మొదలైన వానికి దీనిని ముఖ్యముగా వినియోగింపవలెనని నియమము. ఇది దానము కాదు, హక్కు. ఈ హక్కు ఉన్నదని ఎఱిగిన ఇండ్లు మన వీథిలో ఎన్ని?

కొండ మీది సొమ్ము ఎవరిది అను తగవు పలనాటికి క్రొత్త గాదు. అడవిలో పసుల మేపుకొనుటకు పుల్లరి యను పన్ను చెల్లింపవలెనని బ్రిటిషు ప్రభుత్వమువారు నిర్బంధించిన కాలమున ఈ సీమ రైతులు ఎదురు తిరిగిరి. 1922లో మించాలపాడు గ్రామవాసి కన్నెగంటి హనుమంతు ఆ పోరాటమున ప్రాణములర్పించెను. ఆనాటి వారికి తుపాకి యెదుట నిలువవలసి వచ్చినది. నేటి వారికి కావలసినది అంత సాహసము గాదు. చట్టము చదువగల కన్నులు, గ్రామసభలో లేచి అడుగగల నోరు, లెక్క వ్రాయగల చేయి. ఇవి మూడును పాఠశాలలోనే లభించును.

రెండవ రాబడి కూలి. గనిలోను, మూటల యెగుమతిలోను, లారీల పనిలోను మనవారు అనేకులు జీవించుచున్నారు. ఆ కూటిని మేము తక్కువగా జూడము. కాని యంత్రములు పెరిగినకొలది మోతపని తగ్గుచున్నది. బట్టీ వేడిమిని కనిపెట్టువాడు, రాయిలోని సున్నపు పాలును పరీక్షించు రసాయనవేత్త, విద్యుత్తు మోటార్లను బాగుచేయువాడు, లెక్కల నిపుణుడు — వీరికే మంచి జీతములు. ఈ పనులకు మన యూరి పిల్లలు తగియుండనిచో ఆ స్థానములలో పొరుగు జిల్లాలవారు, పొరుగు రాష్ట్రములవారు కూర్చుందురు. తప్పు వారిది గాదు. కర్మాగారము మన గుమ్మములోనికి వచ్చినను, దాని లోపలి గదులలోనికి పోవు తాళపుచెవి చదువే.

మూడవది, ధూళి. దీనిని చెప్పకుండ విడుచుట న్యాయము గాదు. రాతిపొడియు, సున్నపు దుమ్మును పైరుల ఆకులమీదను ఇండ్ల కప్పులమీదను పేరుకొనును. ఊపిరితిత్తులకును కన్నులకును కీడు చేయును. పొగగొట్టములకు దుమ్మును పట్టు సంచులను, విద్యుత్తుతో ధూళిని లాగు యంత్రములను అమర్చినచో చాలవరకు ఆగును. లారీలపై పట్టా కప్పుట, దారులపై నీరు చల్లుట, గని చుట్టును చెట్లు నాటుట కష్టమైన పనులు గావు. ఇవి చేయని సంస్థను అడుగుట పరిశ్రమను తరుముట గాదు. మంచి యిల్లాలు అతిథిని కాళ్ళు కడుగుకొని రమ్మనునంత మాత్రాన అతిథి కోపగించుకొనునా?

ఇంకొక అపాయము కలదు. ఊరంతయు ఒకే వృత్తి మీద నిలుచుట మంచిది గాదు. ఆంధ్రా సిమెంట్సు సంస్థ 1936లో ఏర్పడిన పాత సంస్థ. శ్రీ దుర్గాపురమునందలి దాని కర్మాగారము దాచేపల్లి వారికి చిరపరిచితము. ఆ సంస్థ 2012లో జేపీ సంస్థల చేతికి పోయెను. 2022లో దివాలా పరిష్కార ప్రక్రియలో చిక్కెను. 2023లో సాగర్ సిమెంట్సు వారి వశమయ్యెను. పెద్ద సంస్థల యాజమాన్యము మారుట వార్తాపత్రికలలో ఒక పంక్తి. కాని బట్టీ చల్లారిన ప్రతిదినమును కూలివాని పొయ్యి కూడ చల్లారును. టీ దుకాణము, సైకిలు బాగుచేయు కొట్టు, లారీ యజమాని వాయిదా, పిల్లల ఫీజు — అన్నియు వరుసగా తడబడును. కావున పెద్ద చెట్టు నీడను చిన్న చెట్లు అనేకములు పెంచుకొనవలెను. పెద్ద చెట్టు ఎండినను అవి యుండును.

ఆ చిన్న చెట్లు ఏవి? మొదటిది మన రాయినే మఱియొక విధముగా చూచుట. క్రీస్తు శకారంభపు శతాబ్దములలో అమరావతి స్తూపమునకును, తరువాత ఇక్ష్వాకుల కాలమున నాగార్జునకొండ విహారములకును శిల్పులు వాడినది ఈ పలనాటి సున్నపురాయియే. ఆ అమరావతి శిల్పములు నేడు చెన్నపట్టణపు మ్యూజియములోను, లండను నగరపు బ్రిటిషు మ్యూజియములోను నున్నవి. దేశదేశములవారు వానిని చూచి అమరావతి పేరు చెప్పికొనుచున్నారు. దుర్గి గ్రామమునందు నేటికిని శిల్పులు ఉలి చేతబట్టి రాతిని దేవతలుగా, నందులుగా, పువ్వులుగా మలచుచున్నారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపును లభించినది. ఒక టన్ను రాతిని పొడిగా అమ్మినప్పుడు ఎంత వచ్చును, మణుగు రాతిని విగ్రహముగా అమ్మినప్పుడు ఎంత వచ్చును, పాఠకులే ఊహింపవచ్చును. రాయి ఒకటే. తేడా ఉలిలో నున్నది.

నాపరాళ్ళ పనియు నిట్టిదే. పలకలను కోసి, నునుపు చేసి, కొలతకు తగినట్లు అమర్చి యింటినేలకు పరచువఱకు నడుమ ఎన్నియో చేతుల పని యున్నది. గని నుండి గరుకు పలకను పంపివేసి, నునుపు చేయు కూలిని ఇతరులకు విడుచుట యేల? కొలదిపాటి యంత్రములు, విద్యుత్తు, అప్పిచ్చు సహకార సంఘము ఉన్నచో పదిమంది కలిసి ఇట్టి పనిని నడుపుకొనగలరు.

రెండవది పైరు. సాగరు కుడికాలువ 203 కిలోమీటర్లు పాఱుచున్నది. దాని నీరందిన చోట్ల పలనాటి మెట్ట మాగాణి యయ్యెను; కాలువ కంటె ఎత్తున నున్న నేలలు మాత్రము నేటికిని వానను నమ్ముకొని యున్నవి. ఆ నల్లనేలలలో మిరపయు ప్రత్తియు విశేషముగా పండును. రైతు మూటలను బండి కెక్కించి గుంటూరు మిరప యార్డునకు తోలుచున్నాడు. ధర ఆనాటి అదృష్టము. కాయను తొడిమె తీయుట, ఆరబెట్టుట, వేఱుచేయుట, కారము విసరుట, శీతల గిడ్డంగిలో దాచుట — ఈ పనులలో ఎన్ని దాచేపల్లిలోనే జరిగిన అన్ని కుటుంబములకు పని దొరకును. మిరప బరువు తక్కువ, వెల యెక్కువ. జూరా కొండవారి గడియారపు నీతి మన మిరపకును చెల్లును.

మూడవది యాత్ర. గుత్తికొండ బిలము, ఎత్తిపోతల జలపాతము, కారెంపూడి వీరుల గుడి, తంగెడ కోట, నాగార్జునకొండ — ఇవి గడచిన కాలపు సంపదలు. యాత్రికునకు కావలసినది శుభ్రమైన బస, మంచి నీరు, నమ్మదగిన బండి, చరిత్ర చెప్పగల మనిషి. రాయి త్రవ్వినచో తరుగును. చరిత్ర చెప్పినకొలది తరుగదు.

పరిశ్రమలను ఆహ్వానించుటకు ఊరివారు చేయవలసిన పనులను ఇప్పుడు క్లుప్తముగా చెప్పుదుము. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యస్థానముగా పలనాడు జిల్లా వేఱుగా ఏర్పడినది. గుంటూరునకు పోవలసిన పనులు కొంత దగ్గరయైనవి. ఈ యవకాశమున, భూముల పత్రములు చిక్కులేకుండ ఉండునట్లును, ఊరిలోని నీరు, మురుగు, దీపములు సరిగా నుండునట్లును చూచుకొనవలెను. ఏ సంస్థయైనను తన యింజనీరు భార్యాపిల్లలతో కాపురముండదగిన ఊరినే కోరును. మంచి పాఠశాలయు మంచి ఆసుపత్రియు లేనిచోట జీతగాండ్రు ఉందురు గాని కాపురస్థులు ఉండరు. వారి జీతము వారమునకొకసారి రైలెక్కి పోవును.

అన్నిటికంటె ముఖ్యము శాంతి. కోడిపందెము తగవై, తగవు యుద్ధమై, కారెంపూడి నేల రక్తసిక్తమైన కథను మనము ఏటేట వీరుల తిరునాళ్ళలో వినుచునే యున్నాము. వీరులను గౌరవించుట మంచిదే; కక్షలను పోషించుట మాత్రము కూడదు. ఊళ్ళో రెండు పక్షములు కఱ్ఱలు పట్టుకొని నిలిచినచో, మూటలో డబ్బున్నవాడు రైలు దిగకయే వెనుకకు పోవును. ఇచ్చటివారికి కోపమున్నంత పట్టుదల చదువునందును పనియందును ఉన్నచో, పలనాటిని మించిన సీమ లేదని పొరుగువారే చెప్పుదురు.

త్రవ్వివిడిచిన గుంటల మాట మఱువరాదు. గని మూసివేయునప్పుడు ఆ నేలను ఎట్లు బాగుచేయవలెనో ముందుగనే ప్రణాళిక వ్రాసి యీయవలెనని గనుల నియమములలో నున్నది. గుంట వాననీటి చెరువు కావచ్చును, అంచున చెట్లు పెంపవచ్చును, చేపలు పెంపవచ్చును. అంచులు చదును చేయక విడిచినచో అదియే గుంట పసులకును పసిబిడ్డలకును మృత్యువు కావచ్చును. ఆ ప్రణాళికలో ఏమి వ్రాసియున్నది, వ్రాసినది జరుగుచున్నదా యని అడుగువారు ఊరిలో ఉండవలెను.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! గని గట్టున నిలిచి ప్రశ్నించిన ఆ బాలునికి మా ప్రత్యుత్తరము ఇది. రాయి ఎట్లును పోవును. పోకుండ ఆపుటకు మనము కోరము. దానివలన దేశమున ఇండ్లును వంతెనలును నిలుచుచున్నవి. కాని పోవు ప్రతి టన్నుతోడను ఊరిలో ఏదో ఒకటి మిగులవలెను: ఒక పిల్లవాని వృత్తివిద్య, ఒక వీథి మంచినీరు, ఒక చిన్న కొట్టు, గుంట గట్టున ఒక చెట్టు. శ్రీనాథుని నాటికి మన రాయి కాలికి తగులు అడ్డు. మన తాతల నాటికి అది కొనువాడు లేని సరకు. మన తండ్రుల నాటికి అది కూలి. మీ నాటికి అది నేర్పు కావలెను. రాయి తరుగునది, నేర్పు పెరుగునది. దాచేపల్లి గనులు ఒకనాడు మూతబడుట నిశ్చయము. ఆనాటికి ఈ యూరు మూతబడకుండుట మాత్రము మీ చేతిలో నున్నది.